కుడి సీటు దాకా: అమెరికా రీజినల్ ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్ ఉద్యోగం సంపాదించడం ఎలా?

కుడి సీటంటే కెప్టెన్ పక్కన ఫస్ట్ ఆఫీసర్, అంటే కో పైలట్, కూర్చునేది. ఆ ఉద్యోగపు ఇంటర్వ్యూ బల్లకు అవతలి వైపు నేను కొన్నేళ్లు కూర్చున్నాను. వచ్చిన అభ్యర్థుల్లో చాలామందిది ఒకటే నమ్మకం: ఎగిరిన సమయం పదిహేను వందల గంటలు నిండింది కాబట్టి సగం ఉద్యోగం చేతికి వచ్చినట్టే అని. ఆ గంటలు మిమ్మల్ని గుమ్మం దాకానే తీసుకువస్తాయి. గుమ్మం దాటాక మేం చూసేవి రెండే. ఈ అభ్యర్థి మా ట్రైనింగ్‌లో నిలదొక్కుకోగలరా? నాలుగు రోజుల ట్రిప్పులో, మూడో రోజు సాయంత్రం, ముందు ఉరుముల వరుస, వెనుక రెండు గంటల ఆలస్యం ఉన్నప్పుడు కెప్టెన్ ఈ మనిషి పక్కన నిశ్చింతగా కూర్చోగలరా? కింద రాసిన మెట్లన్నీ ఈ రెండు ప్రశ్నల కోసమే.

1. ఎవరి దగ్గర పని అడుగుతున్నారో తెలుసుకోండి

రీజినల్ ఎయిర్‌లైన్లు చాలావరకు తమ పేరుతో టికెట్లు అమ్మవు. విమానం మీద అమెరికన్ ఈగిల్ అనో, డెల్టా కనెక్షన్ అనో, యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ అనో రాసి ఉంటుంది. లోపల కూర్చున్న పైలట్‌కు జీతమిచ్చేది మరొక సంస్థ. ఎన్వాయ్, పీఎస్‌ఏ, పీడ్‌మాంట్ అమెరికన్ ఎయిర్‌లైన్స్ సొంత సంస్థలు. ఎండెవర్ డెల్టాది, హొరైజన్ అలాస్కాది. స్కైవెస్ట్, రిపబ్లిక్ లాంటివి ఒకేసారి పలు పెద్ద ఎయిర్‌లైన్లకు ఒప్పందం మీద విమానాలు నడుపుతాయి. ఎక్కువగా కనబడేవి ఎంబ్రేయర్ 175, సీఆర్‌జే జెట్లు. పెద్ద ఎయిర్‌లైన్లు తమ పైలట్లతో చేసుకున్న ఒప్పందాల్లో రీజినల్ విమానాల పరిమాణానికి హద్దు పెట్టే 'స్కోప్' అనే షరతు ఉంటుంది. ఈ విమానాలు సాధారణంగా 76 సీట్ల దగ్గరే ఆగిపోవడానికి కారణం అదే.

నియామకాలు అలల్లా వస్తాయి. 2020లో కోవిడ్ వచ్చి అంతా ఆగిపోయింది. 2022 వచ్చేసరికి పైలట్ల కొరత ఎంత ముదిరిందంటే, అమెరికన్ సొంత రీజినళ్లు కొత్త ఫస్ట్ ఆఫీసర్లకు గంటకు 90 డాలర్లు ఇస్తామన్నాయి. తరువాత ఆ ఉధృతి తగ్గింది. అల ఎప్పుడు వస్తుందన్నది మీ చేతిలో లేదు. వచ్చిన రోజున మీ కాగితాలు సిద్ధంగా ఉన్నాయా లేదా అన్నది మాత్రం పూర్తిగా మీ చేతిలోనే ఉంది.

డబ్బు ఖర్చు పెట్టకముందే తేల్చుకోవలసినది ఇంకొకటి ఉంది. స్పాన్సర్‌షిప్ అవసరం లేకుండా అమెరికాలో పనిచేసే హక్కు ఉండాలని ఈ సంస్థల్లో ఎక్కువ భాగం అడుగుతాయి. స్టూడెంట్ వీసా మీద ట్రైనింగ్‌కు వచ్చిన వాళ్లు ఈ సంగతిని ఏ ఫ్లైట్ స్కూలు బ్రోషర్‌లోనూ వెతకకండి. నేరుగా ఆయా ఎయిర్‌లైన్ల ఉద్యోగ ప్రకటనల్లో చదవండి.

2. గంటల లెక్కను విడదీసి చూడండి

2009 ఫిబ్రవరి 12 రాత్రి, బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ నడుపుతున్న విమానం కూలి 50 మంది చనిపోయారు. మృతుల కుటుంబాలు వాషింగ్టన్‌లో పట్టు వదలకుండా పోరాడాయి. 2010లో చట్టం వచ్చింది, 2013లో దాని ప్రకారం ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన అమలైంది. అంతకుముందు సుమారు 250 గంటలతో కమర్షియల్ సర్టిఫికెట్ ఉంటే కుడి సీట్లో కూర్చోవడానికి చట్టం ఒప్పుకునేది. ఇప్పుడు ఫస్ట్ ఆఫీసర్‌కు కూడా ఏటీపీ (ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్) సర్టిఫికెట్ తప్పనిసరి.

పూర్తి ఏటీపీకి 23 ఏళ్ల వయసు, 1,500 గంటలు కావాలి. ఆ మొత్తం లోపల వేరువేరు గడులు ఉన్నాయి: క్రాస్ కంట్రీ 500, రాత్రి 100, ఇన్‌స్ట్రుమెంట్ (బయటికి చూడకుండా పరికరాల ఆధారంగానే ఎగరడం) 75, పైలట్ ఇన్ కమాండ్‌గా 250, మల్టీ ఇంజన్ 50. మల్టీ ఇంజన్‌లో 25 గంటల దాకా ఆమోదం పొందిన ట్రైనింగ్‌లోని ఫుల్ ఫ్లైట్ సిమ్యులేటర్ నుంచి తీసుకోవచ్చు. అందుకే చాలా ఉద్యోగ ప్రకటనల్లో 25 అని కనబడుతుంది.

పూర్తి ఏటీపీ అందకపోతే రిస్ట్రిక్టెడ్ ఏటీపీ ఉంది. దానికి 21 ఏళ్లు చాలు. సైన్యంలో పైలట్‌గా పనిచేసిన వారికి 750 గంటలు. ఎఫ్‌ఏఏ గుర్తించిన కాలేజీలో ఏవియేషన్‌లో బ్యాచిలర్ డిగ్రీ చేసి, అక్కడే ఇన్‌స్ట్రుమెంట్, కమర్షియల్ ట్రైనింగ్ పొందినవారికి 1,000. అదే పద్ధతిలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చేసినవారికి 1,250. డిగ్రీ మార్గంలో క్రెడిట్ల లెక్క కచ్చితంగా ఉంటుంది కాబట్టి కాలేజీ ఇచ్చే ధ్రువపత్రాన్ని ముందే చేతిలో పెట్టుకోండి.

చాలామంది గమనించనిది ఒకటి చెబుతాను. 1,500 గంటలు నిండినా క్రాస్ కంట్రీ 500 చేరలేదా? రిస్ట్రిక్టెడ్ మార్గంలో క్రాస్ కంట్రీ 200 ఉంటే సరిపోతుంది. మిగతావి ఎయిర్‌లైన్‌లో ఎగురుతూ నింపుకోవచ్చు. ఇంకొకటి: ఏటీపీ కోసం క్రాస్ కంట్రీ అంటే బయలుదేరిన చోటు నుంచి సరళరేఖలో 50 నాటికల్ మైళ్లు దాటితే చాలు, అక్కడ దిగాలన్న నియమం లేదు. విద్యార్థితో 55 మైళ్ల దూరం వెళ్లి దిగకుండా తిరిగి వచ్చిన గంటలను ఆ గడిలో రాయకుండా వదిలేసిన ఇన్‌స్ట్రక్టర్లను ఎందరినో చూశాను. మీ పాత పేజీలు ఒకసారి తిరగేయండి.

ఈ గంటలు పోగుచేసే దారుల్లో ఎక్కువమంది ఎంచుకునేది ఇన్‌స్ట్రక్టర్ పనే. పైప్‌లైన్ గస్తీ, సర్వే, బ్యానర్ లాగడం, స్కైడైవర్లను ఎక్కించుకెళ్లడం, చిన్న సరుకు విమానాలు నడపడం కూడా ఉన్నాయి. నా మొగ్గు మాత్రం ఇన్‌స్ట్రుమెంట్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్ వైపే. మబ్బుల్లో మరొకరి తప్పును పట్టుకుని మాటతో సరిదిద్దే అలవాటు రేపు కుడి సీట్లో నేరుగా పనికొస్తుంది. ఎండలో ఒకే పొలం చుట్టూ తిరిగిన వెయ్యి గంటలకు ఆ బలం ఉండదు. అలాంటి పనిలో ఉంటే వారానికొకసారైనా ఇన్‌స్ట్రుమెంట్ సాధన చేయండి.

3. కాగితాలు

ఫస్ట్ క్లాస్ మెడికల్ తెచ్చుకోండి. మొదటి ట్రైనింగ్ పాఠం కన్నా ముందే తెచ్చుకుని ఉంటే ఇంకా మేలు. 40 ఏళ్లలోపు వారికి ఏడాదికోసారి, ఆపైన ఆరు నెలలకోసారి. ఆ ఫారంలో ఏదీ దాచకండి. పాత మందులు, పాత అరెస్టులు ఏవైనా రాసి, డాక్టర్‌తో ముందే మాట్లాడుకుంటే చాలా సమస్యలకు దారి దొరుకుతుంది. దాచినది బయటపడితే అది ఆరోగ్య సమస్య కాదు, ఫెడరల్ నేరం.

ఏటీపీ రాతపరీక్ష రాయాలంటే ముందు ఏటీపీ సీటీపీ అనే కోర్సు చేయాలి. 30 గంటలు తరగతి, 10 గంటలు సిమ్యులేటర్. సొంత డబ్బుతో చేస్తే ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది. చాలా రీజినళ్లు ఎంపికైన వారికి ఈ కోర్సును తామే చేయిస్తాయి. అందుకే తొందరపడి చేసేయకండి, ముందు ప్రకటన చదవండి.

పాస్‌పోర్ట్ గడువు, రేడియో ఆపరేటర్ పర్మిట్, డ్రైవింగ్ రికార్డు చూసుకోండి. ఓవర్‌స్పీడ్ టికెట్లు కూడా అడుగుతారు. మీ రాష్ట్రం నుంచి ఆ రికార్డు తెప్పించుకుని దగ్గర పెట్టుకుంటే దరఖాస్తులో తేదీలు ఊహించి రాయవలసిన పని ఉండదు.

4. లాగ్‌బుక్‌ను పరాయి కళ్లతో చదవండి

ఒకసారి ఒక అభ్యర్థి లాగ్‌బుక్ తిరగేస్తుంటే, వరుసగా మూడు పేజీల్లో కింది మొత్తం తరువాతి పేజీకి తప్పుగా ఎక్కి కనబడింది. తేడా పన్నెండు గంటలే. మోసం కాదు, అజాగ్రత్త. అయినా ఆ ఉదయం మిగిలిన సమయమంతా ఆ పన్నెండు గంటల మీదే గడిచింది. ఆ అభ్యర్థి తన గురించి మంచిగా చెప్పుకోవడానికి తెచ్చుకున్నదేదీ గదిలో వినిపించలేదు.

ఒక వారాంతం మొత్తం దీనికి కేటాయించండి. ప్రతి పేజీని కాలిక్యులేటర్‌తో కూడండి. ఎలక్ట్రానిక్ లాగ్‌బుక్ వాడుతుంటే పాత కాగితపు పుస్తకంతో సరిపోల్చండి. చెక్‌రైడ్‌లకు (విమానంలో జరిగే సర్టిఫికెట్ పరీక్షలకు) సమర్పించిన ఫారాల్లో ఆ నాటికి ఎన్ని గంటలని రాశారో చూడండి. ఆ అంకెలు ఎఫ్‌ఏఏ దగ్గర ఉన్నాయి. తప్పు దొరికితే చెరిపేయకండి, వైట్‌నర్ పూయకండి. ఒక్క గీత కొట్టి, చివర్లో సవరణ అని తేదీతో ఒక వరుస రాసి సంతకం పెట్టండి.

ఇంటర్వ్యూలో ఎక్కువగా వేలు పెట్టి చూపించే చోట్లు కొన్ని ఉన్నాయి. రాత్రి గంటలు సాయంత్రపు సివిల్ ట్విలైట్ (సంధ్య వెలుగు) ముగిసిన దగ్గర నుంచి లెక్క. ప్రయాణికులతో రాత్రి ఎగరడానికి కావలసిన ల్యాండింగ్‌లు మాత్రం సూర్యాస్తమయం తరువాత గంట దాటాకే. రెండూ కలిపేస్తారు చాలామంది. విద్యార్థి హుడ్ (బయటికి కనబడకుండా చేసే తొడుగు) పెట్టుకుని ఎగిరితే ఆ ఇన్‌స్ట్రుమెంట్ గంటలు విద్యార్థివే. నిజంగా మబ్బుల్లో ఉన్నప్పుడే ఇన్‌స్ట్రక్టర్ తన ఇన్‌స్ట్రుమెంట్ గడిలో రాసుకోవాలి. సేఫ్టీ పైలట్‌గా (హుడ్ పెట్టుకున్న పైలట్ పక్కన బయటికి చూస్తూ) ఉన్న గంటల పక్కన ఎవరితో ఎగిరారో ఉండాలి. ఇద్దరు స్నేహితులు ఒకే విమానంలో ఎగిరిన అవే వందల గంటలను ఎవరి లాగ్‌బుక్‌లో వారు రాసుకుంటే, అది నిబంధనలో ఇమిడినా సరే, మీ నోటి నుంచి వివరణ వినాలనుకుంటాం.

చెక్‌రైడ్ పేజీలకూ ఎండార్స్‌మెంట్లకూ (ఇన్‌స్ట్రక్టర్ సంతకం చేసిన ధ్రువీకరణలకూ) రంగు చీటీలు అంటించి తీసుకురండి. వెతికే శ్రమ తప్పించినందుకు ఎదుటివాళ్లు మనసులోనే కృతజ్ఞత చెప్పుకుంటారు.

5. మీ రికార్డు మీకంటే ముందే గదిలో ఉంటుంది

ఎఫ్‌ఏఏ నడిపే పైలట్ రికార్డ్స్ డేటాబేస్‌లో మీ సర్టిఫికెట్లు, ఫెయిలైన చెక్‌రైడ్‌లు, చర్యలు, పాత యజమానుల దగ్గరి ట్రైనింగ్ వివరాలు ఉంటాయి. మీ అనుమతితో ఎయిర్‌లైన్ వాటిని చూస్తుంది. దరఖాస్తు చేసే ముందు మీరే లాగిన్ అయి చదవండి. మీకు గుర్తున్నదీ అందులో ఉన్నదీ ఒకటే కావాలి.

ఫెయిలైన చెక్‌రైడ్ ఉద్యోగాన్ని చంపదు. నేను ఇన్‌స్ట్రుమెంట్ చెక్‌రైడ్‌లో ఫెయిలయ్యాను. ఒక స్టెప్‌డౌన్ ఫిక్స్ (అది దాటాకే తరువాతి ఎత్తుకు దిగవలసిన బిందువు) దాటకముందే కిందికి దిగిపోయాను. నా మొదటి ఇంటర్వ్యూలో ఆ విషయం మూడు వాక్యాల్లో చెప్పాను: ఏం చేశాను, ఎందుకు చేశాను, తరువాత ఏం మార్చుకున్నాను. ఆ రోజు నుంచీ ప్రతి ఫిక్స్ దగ్గరా తరువాతి ఎత్తును పైకి చెప్పే అలవాటు చేసుకున్నానని అన్నాను. అడిగిన కెప్టెన్ తల ఊపి తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.

ఇదే విషయాన్ని పాడుచేసుకునే పద్ధతి కూడా ఒకటి ఉంది. "ఎగ్జామినర్‌కు ఆ రోజు మూడ్ బాగాలేదు", "గాలి ఎక్కువగా ఉంది", "మా ఇన్‌స్ట్రక్టర్ సరిగా చెప్పలేదు". ఇలాంటి మాట వినగానే బల్ల అవతల మాకు తోచేది ఒకటే: రేపు సిమ్యులేటర్‌లో ఫెయిలైతే తప్పు మా ఇన్‌స్ట్రక్టర్ మీదికి వస్తుంది. ఒకే రకమైన తప్పు రెండు మూడు చెక్‌రైడ్‌లలో కనబడితే మాత్రం ఒక్క వాక్యపు వివరణ చాలదు. దాని తరువాత పాసైన పరీక్షల వరుస, ఇటీవలి శిక్షణ చూపించాలి. మీ విద్యార్థులు మొదటిసారికే పాసైన లెక్క ఉంటే అదీ పనికొస్తుంది.

దాచడం అన్న ఆలోచనే వద్దు. ఫెయిలైన మనిషిని తీసుకున్న సందర్భాలు ఎన్నో నాకు తెలుసు. దాచి దొరికిన మనిషిని తీసుకున్న సందర్భం ఒక్కటీ లేదు.

6. దరఖాస్తు, ఎంపిక

చాలా సంస్థలు ఎయిర్‌లైన్‌యాప్స్ ద్వారానో తమ సొంత సైట్ ద్వారానో దరఖాస్తు తీసుకుంటాయి. గంటలు పూర్తికావడానికి కొన్ని నెలల ముందే ఖాతా తెరిచి నింపండి, ఆపైన ప్రతి నెలా గంటలు మార్చండి. చిరునామాలు, పాత ఉద్యోగాల తేదీల మధ్య ఖాళీలు వదలకండి. రెండు నెలలు ఏ పనీ లేకుండా ఉంటే 'నిరుద్యోగం' అనే రాయండి. రెజ్యూమే ఒక్క పేజీ. పైన సర్టిఫికెట్లు, గంటల పట్టిక. పాఠశాల బహుమతులు అక్కర్లేదు.

ఆ సంస్థలో పనిచేసే పైలట్ ఎవరైనా మిమ్మల్ని నిజంగా ఎరిగినవారైతే సిఫారసు అడగండి. ఒకసారి చేయి కలిపినవారిని అడగకండి. ఉద్యోగ మేళాల్లో నియామక బృందంతో రెండు నిమిషాలు మాట్లాడితే పేరుకు ముఖం తోడవుతుంది. అంతకు మించి ఆశించవద్దు.

ఏ సంస్థ అన్న ప్రశ్నకు నా జవాబు ఎప్పుడూ ఒకటే: మీరు నివసించే ఊళ్లో బేస్ (పైలట్ల ట్రిప్పులు మొదలయ్యే విమానాశ్రయం) ఉన్న సంస్థ. ఎయిర్‌లైన్‌లో అంతా సీనియారిటీ నంబర్ మీదే నడుస్తుంది. బేస్, షెడ్యూల్, సెలవులు, ఏ విమానం, ఎప్పుడు కెప్టెన్ అన్నవన్నీ చేరిన తేదీ క్రమంలోనే. కొత్తవాళ్లు మొదట రిజర్వ్‌లో ఉంటారు, అంటే ఫోను మోగితే రెండు మూడు గంటల్లో విమానాశ్రయంలో ఉండాలి. ఇంటి నుంచి వెళ్లగలిగితే అది మామూలు జీవితం. వేరే రాష్ట్రం నుంచి ఖాళీ సీటు కోసం ఎదురుచూస్తూ వచ్చి, నలుగురైదుగురు పైలట్లు కలిసి అద్దెకు తీసుకున్న క్రాష్‌ప్యాడ్‌లో పడుకోవలసి వస్తే, నెలకు పన్నెండు రోజుల సెలవులో సగం దారిలోనే కరిగిపోతుంది. దీని ముందు గంటకు నాలుగు డాలర్ల తేడా చిన్నది. పెద్ద ఎయిర్‌లైన్‌కు నేరుగా వెళ్లే 'ఫ్లో' ఒప్పందం ఆకర్షణీయమే. ఎన్వాయ్, పీఎస్‌ఏ, పీడ్‌మాంట్‌ల నుంచి అమెరికన్‌కు ఆ దారి ఉంది. అయితే ఆ వరుస ఎంత వేగంగా కదులుతుందన్నది పైవాళ్ల నియామకాల మీద ఆధారపడి ఉంటుంది.

బోనస్ ఉంటే, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలన్న పేరాను సంతకానికి ముందు రెండుసార్లు చదవండి.

7. టెక్నికల్ ఇంటర్వ్యూ

ఎక్కువగా అడిగేది మీరు ఇప్పటికే ఎగురుతున్న విమానం గురించే. జెట్ సిస్టమ్స్ మీకు తెలియాలని ఎవరూ అనుకోరు. మీరు రోజూ నేర్పే చిన్న విమానంలో ఆల్టర్నేటర్ పోతే ఏమవుతుందో తెలియకపోతే మాత్రం మేం ఆశ్చర్యపోతాం.

జెప్సన్ సంస్థ అప్రోచ్ చార్ట్ (రన్‌వే వైపు దిగే దారిని చూపే పటం) ఒకటి ముందు పెడతారు. ఎఫ్‌ఏఏ చార్టులకే అలవాటుపడినవారు ఒక నెల ముందు నుంచే జెప్సన్ గుర్తులు చదవడం అలవాటు చేసుకోండి. ఆ చార్ట్ మీద దాదాపు ప్రతిసారీ వచ్చే ప్రశ్న ఇది: అప్రోచ్‌లో ఉన్నారు, విజిబిలిటీ మినిమం కంటే తగ్గిందని టవర్ చెప్పింది, ఏం చేస్తారు? పార్ట్ 121 (ఎయిర్‌లైన్లకు వర్తించే నిబంధనలు) ప్రకారం ఫైనల్ అప్రోచ్ ఫిక్స్ (చివరి దిగుడు మొదలయ్యే బిందువు) ఇంకా దాటకపోతే కొనసాగకూడదు. దాటేసి ఉంటే డెసిషన్ ఆల్టిట్యూడ్ (దిగాలా వద్దా తేల్చుకోవలసిన ఎత్తు) దాకా కొనసాగవచ్చు. అక్కడ రన్‌వేకు సంబంధించిన ఆనవాళ్లు, కావలసిన విజిబిలిటీ ఉండి, మామూలు దిగుడుతో దిగగలిగితేనే ల్యాండింగ్. అప్రోచ్ లైట్లు మాత్రమే కనబడితే టచ్‌డౌన్ జోన్ ఎత్తుకు 100 అడుగుల పైదాకా దిగవచ్చు. ఇంకా కిందికి వెళ్లాలంటే ఎర్ర లైట్ల బార్లు గానీ, రన్‌వేకు చెందిన మరేదైనా గుర్తు గానీ స్పష్టంగా కనబడాలి. సొంతంగా ఎగిరే పార్ట్ 91లో అలవాటైన "వెళ్లి చూసి వద్దాం" అన్న ధోరణి ఎయిర్‌లైన్‌లో చెల్లదని మీకు తెలుసా అన్నదే ఈ ప్రశ్న అసలు ఉద్దేశం.

ఇవి కూడా నోటికి రావాలి. గమ్యానికి చేరే సమయానికి గంట ముందు నుంచి గంట తరువాత దాకా మేఘాలు 2,000 అడుగులు, విజిబిలిటీ 3 మైళ్లు లేకపోతే ఆల్టర్నేట్ (ప్రత్యామ్నాయ విమానాశ్రయం) కావాలి. ఇంధనం గమ్యానికి, అక్కడి నుంచి ఆల్టర్నేట్‌కు, ఆపైన 45 నిమిషాలకు. హోల్డింగ్ (గాల్లో చుట్లు కొడుతూ వేచి ఉండడం) వేగం 6,000 అడుగుల దాకా 200 నాట్లు, 14,000 దాకా 230, ఆపైన 265. ఎగిరే ముందు విశ్రాంతి 10 గంటలు, అందులో నిద్రకు అంతరాయం లేని 8 గంటల అవకాశం.

నోటిలెక్కలు కూడా ఉంటాయి. "35,000 అడుగుల నుంచి 10,000కు ఎక్కడ దిగడం మొదలుపెడతారు?" తగ్గవలసిన వేల అడుగులను మూడుతో హెచ్చించండి: 25 మూళ్లు 75 మైళ్లు. వేగం తగ్గించుకోవడానికి ఇంకొన్ని మైళ్లు కలపండి. మూడు డిగ్రీల దిగుడుకు గ్రౌండ్ స్పీడ్‌ను ఐదుతో హెచ్చిస్తే నిమిషానికి ఎన్ని అడుగులో వస్తుంది: 140 నాట్లకు 700. లెక్కను పైకి చెబుతూ చేయండి. చివరి అంకె కన్నా ఆలోచన నడిచిన దారే మాకు ముఖ్యం.

తెలియని ప్రశ్న తప్పకుండా వస్తుంది, కొన్నిసార్లు కావాలనే అడుగుతాం. "నాకు తెలియదు, ఫలానా పుస్తకంలో చూస్తాను" అన్న జవాబుకు మార్కులు పోవు. అల్లిన జవాబుకు పోతాయి.

8. మనిషిని చూసే ఇంటర్వ్యూ

"ఒక సందర్భం చెప్పండి" అని మొదలయ్యే ప్రశ్నలివి. తోటివారితో గొడవ, నియమం దాటిన సందర్భం, విమానంలో భయపడిన క్షణం, మీ అభిప్రాయం మార్చుకున్న రోజు. ఇంటి దగ్గర కూర్చుని ఏడెనిమిది నిజమైన సంఘటనలు రాసుకోండి. పరిస్థితి రెండు వాక్యాల్లో, మీరు చేసినది నాలుగైదు వాక్యాల్లో, ఫలితం ఒకటిలో. బట్టీ పట్టకండి. బట్టీ పట్టిన కథ మధ్యలో చిన్న ప్రశ్న అడిగితే పట్టాలు తప్పుతుంది, మేం తప్పకుండా అడుగుతాం.

ఉదాహరణకు, విమాన యజమాని ఒకరు మంచు పట్టే మబ్బుల మీదుగా వెళ్లమని పట్టుబట్టారనుకుందాం. "నేను కుదరదన్నాను, ఆయన ఒప్పుకున్నారు" అంటే కథ లేదు. "ముందు ఆయన తొందర ఎందుకో అడిగాను. సాయంత్రం సమావేశం ఉందన్నారు. వాతావరణ చిత్రం చూపించి, మా విమానానికి మంచు తొలగించే సదుపాయం లేదని చెప్పాను. రెండు గంటలు ఆగి దక్షిణం వైపు నుంచి వెళ్దామని, లేదంటే కారు ఏర్పాటు చేస్తానని అన్నాను. ఆయన విసుక్కుని కారులో వెళ్లారు" అంటే మనిషి కనబడతారు. యజమాని సంతోషపడినట్టు ముగించనక్కర్లేదు. విసుక్కున్నారనే చెప్పండి.

ఊహాత్మక ప్రశ్నలూ ఉంటాయి. వ్యాన్‌లో కెప్టెన్ దగ్గర మద్యం వాసన వస్తే? అందరి ముందూ కాక పక్కకు పిలిచి మాట్లాడండి, అనారోగ్యమని తప్పుకునే అవకాశం ఇవ్వండి. వినకపోతే విమానం కదలదు, చీఫ్ పైలట్‌కు ఫోను వెళుతుంది. "ముందు ఇంకొంచెం గమనిస్తాను" అన్నవారిని నేను ఎన్నడూ సిఫారసు చేయలేదు. కెప్టెన్ మినిమమ్స్ (దిగడానికి అనుమతించిన కనీస ఎత్తు) కిందికి దిగిపోతుంటే? పైకి చెప్పండి, మళ్లీ చెప్పండి, స్పందన లేకపోతే కంట్రోల్స్ తీసుకుని గో అరౌండ్ (దిగడం మాని మళ్లీ పైకి లేవడం) చేయండి. కెప్టెన్ పట్ల గౌరవానికీ మౌనానికీ తేడా తెలిసిన మనిషి కోసం వెతుకుతున్నామని గుర్తుంచుకోండి. పెద్దలకు ఎదురు చెప్పకూడదన్న పెంపకంలో పెరిగినవారు ఈ వాక్యాలను అద్దం ముందు బిగ్గరగా పలికి చూసుకోవడం నామోషీ కాదు.

రిసెప్షన్‌లో కూర్చున్నవారితో, కాఫీ తెచ్చినవారితో ఎలా మాట్లాడారో కూడా మాకు చేరుతుంది. కొన్ని చోట్ల సిమ్యులేటర్ పరీక్ష కూడా ఉంటుంది. అక్కడ చూసేది నేర్పును మాత్రమే కాదు. ఒకసారి చెప్పిన సూచనను రెండోసారికి అమలు చేశారా అన్నదే ముఖ్యం.

9. షరతులతో కూడిన ఆఫర్ నుంచి క్లాస్ డేట్ దాకా

ఆఫర్ రాగానే ఉన్న ఉద్యోగం మానేయకండి. క్లాస్ డేట్లు (ట్రైనింగ్ మొదలయ్యే తేదీలు) వెనక్కి జరగడం కొత్తకాదు. ఎగురుతూనే ఉండండి, ముఖ్యంగా ఇన్‌స్ట్రుమెంట్.

డ్రగ్ టెస్ట్ ఫెడరల్ నిబంధన ప్రకారం జరుగుతుంది. మీ రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమైనా ఇక్కడ పనికిరాదు. గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీ నూనె వాడానన్న సంజాయిషీ కూడా చెల్లదు. వేలిముద్రలు, నేర చరిత్ర పరిశీలన ఉంటాయి.

10. ట్రైనింగ్: అసలు ఇంటర్వ్యూ ఇదే

ఇన్‌డాక్‌లో (మొదటి పరిచయ తరగతుల్లో) సంస్థ నియమాలు, ఆపైన సిస్టమ్స్, ప్రొసీజర్ల సాధన, ఫుల్ ఫ్లైట్ సిమ్యులేటర్, చివర టైప్ రేటింగ్‌తో (ఆ రకం విమానం నడిపే అర్హతతో) ఏటీపీ. దాదాపు రెండు మూడు నెలలు హోటల్ గదిలో గడుస్తాయి. ఇక్కడ వెనుకబడేవారిలో ఎక్కువమందికి చేయి తిరగకపోవడం సమస్య కాదు. ఫ్లోలూ (స్విచ్‌లు చూసుకునే వరుసలూ) కాలవుట్లూ (పైకి పలకవలసిన మాటలూ) నోటికి రాకుండానే సిమ్యులేటర్ ఎక్కడం సమస్య. కాక్‌పిట్ పోస్టర్‌ను హోటల్ గోడకు అంటించి, కుర్చీలో కూర్చుని, ప్రతి స్విచ్‌నూ వేలితో తాకుతూ, మాటలు బయటికి పలుకుతూ సాధన చేయండి. మొదటి సిమ్యులేటర్ రోజుకు ఇంజన్ స్టార్ట్ నుంచి సింగిల్ ఇంజన్ గో అరౌండ్ దాకా మాటలు వాటంతట అవే రావాలి. అప్పుడే బుర్ర ఎగరడానికి ఖాళీగా ఉంటుంది.

సిమ్ పార్ట్‌నర్‌తో కలిసే చదవండి. పార్ట్‌నర్ తడబడితే మీ సెషన్ కూడా తడబడుతుంది. వెనుకబడుతున్నట్టు అనిపిస్తే మూడో రోజే ఇన్‌స్ట్రక్టర్‌తో చెప్పండి. అదనపు సెషన్ ఇవ్వడానికి అప్పుడు దారి ఉంటుంది, చెక్‌రైడ్ ముందురోజు ఉండదు.

పాసయ్యాక చెక్ ఎయిర్‌మన్ (కొత్తవారిని పరిశీలించే కెప్టెన్) పక్కన ప్రయాణికులతో ఆపరేటింగ్ ఎక్స్‌పీరియన్స్ మొదలవుతుంది. జెట్‌కు సాధారణంగా 25 గంటలు, అవసరమైతే ఇంకా ఎక్కువ. మొదటి లెగ్‌లలో రేడియో మీ కన్నా ముందు పరుగెత్తుతుంది. చెక్ ఎయిర్‌మన్‌కు అది తెలుసు. ప్రతి ట్రిప్ తరువాత ఒక చిన్న పుస్తకంలో మూడు తప్పులు రాసుకుని, మరుసటి రోజు వాటినే ముందుగా బ్రీఫ్ చేయండి.

ఆ తరువాత ఒక గడువు ఉంది, కొత్తవాళ్లు దాన్ని మరిచిపోతుంటారు. 120 రోజుల్లో ఆ విమానంలో 100 గంటలు పూర్తిచేయాలి, దీన్నే కన్సాలిడేషన్ అంటారు. ఆ 100 గంటలు నిండేదాకా రన్‌వేకు అడ్డంగా వీచే పక్కగాలి 15 నాట్లు దాటినా, రన్‌వే మీద మంచు ఉన్నా, విజిబిలిటీ ముప్పావు మైలు లేదా అంతకంటే తక్కువైనా టేకాఫ్, ల్యాండింగ్ కెప్టెనే చేయాలి. ట్రిప్ మొదట్లోనే మీకు ఎన్ని గంటలయ్యాయో కెప్టెన్‌కు చెప్పేయండి. రిజర్వ్‌లో ఫోను మోగకుండా మూడు వారాలు గడిచిపోతే ఊరుకోకండి. క్రూ షెడ్యూలింగ్‌కు మీరే ఫోను చేసి, కన్సాలిడేషన్‌లో ఇన్ని గంటలు మిగిలాయి, ఇన్ని రోజులే ఉన్నాయి, ట్రిప్పులు కావాలి అని అడగండి. వాళ్లు ఆ లెక్క చూస్తూనే ఉంటారు, అయినా అడిగిన పేరు జాబితాలో ముందు గుర్తుకొస్తుంది.